పట్టా పెట్టెలో ఉంది, పొలం తుమ్మలపాలైంది

ధ్యాన భాగాలు: యెహోషువ 18:1-10, ఫిలిప్పీయులకు 3:4-16



కొత్త సంవత్సరం మొదలై నెల కావస్తోంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక ప్రతి ఇంటివారూ పళ్లెంలోంచి ఒక వాగ్దానపు కార్డు తీసుకున్నారు. పళ్లెం పట్టుకుని నిలబడింది నేనే. ఈ నెలలో ఇళ్లు దర్శించినప్పుడు ఆ కార్డులు మళ్లీ కనిపించాయి. బీరువా తలుపు మీద ఒకరు అంటించారు, టీవీ పక్కన ఒకరు, ఫ్రిజ్ మీద ఒకరు. ఒక ఇంట్లో కొత్త కార్డు కింద పోయినేటిది, దాని కింద అటుమొన్నటిది, అలా ఏడు లెక్కపెట్టాను. ఆ ఇంటి పెద్దాయన్ని అడిగాను: "ఈ ఏడింటిలో ఏ ఒక్క వాగ్దానం కోసమైనా మోకాళ్లూని పట్టుబట్టారా? దానివల్ల మీ నడకలో ఏదైనా మారిందా?" ఆయన నవ్వి, "అదేంటయ్యగారూ, వాగ్దానం దేవుడిది గదా, నెరవేర్చేదీ ఆయనే గదా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన చెప్పిన మాటలో తప్పు లేదు. తప్పు లేని మాటనే దిండు చేసుకుని మనమంతా నిద్రపోతున్నాం. ఆ నిద్ర గురించే ఈ వారం రాస్తున్నాను. కొంచెం కారంగా ఉంటుంది, ఓర్చుకోండి. ఆ పెద్దాయన ఎవరా అని వెతకొద్దు. ఆ మాట మనందరిదీ.

యెహోషువ గ్రంథం 18వ అధ్యాయం తెరవండి. ఇశ్రాయేలీయులు షిలోహులో కూడుకున్నారు. ప్రత్యక్షపు గుడారం నిలబెట్టారు. దేశం వాళ్లకు లోబడింది. చూసేవాళ్లకు అంతా బాగానే ఉంది. ఆరాధన జరుగుతోంది, జనం నిండుగా ఉన్నారు, భయం తగ్గింది. అక్కడే గ్రంథకర్త ఒక చేదు లెక్క రాశాడు: ఏడు గోత్రాలవాళ్లు తమ స్వాస్థ్యం ఇంకా తీసుకోలేదు. యెహోషువ వాళ్లను నిలదీశాడు. దేవుడు ఇచ్చేసిన దేశంలో అడుగుపెట్టడానికి ఇంకా ఎన్నాళ్లు కాలయాపన చేస్తారని అడిగాడు. ఇచ్చేవాడు ఎప్పుడో ఇచ్చేశాడు. ఆలస్యమంతా పుచ్చుకోవలసినవాళ్ల దగ్గరే ఆగింది.

ఈ గ్రంథంలోనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి చదవండి. 13వ అధ్యాయం మొదట్లో, ముసలివాడైన యెహోషువతో దేవుడు, స్వాధీనం కావలసిన నేల ఇంకా చాలా మిగిలి ఉందని చెబుతాడు. 21వ అధ్యాయం చివర్లో, దేవుడు పలికిన మేలైన మాటల్లో ఒక్కటి కూడా తప్పిపోలేదని ఉంది. రెండూ నిజమే. వాగ్దానం తప్పలేదు. అయినా నేల మిగిలిపోయింది. మన సంఘం సంగతి సరిగ్గా ఇదే.

ఇక్కడ మీలో కొందరు అడ్డుపడతారని నాకు తెలుసు. "రక్షణ కృపచేత గదా అయ్యగారూ, క్రియలవల్ల కాదు గదా? మళ్లీ మమ్మల్ని ధర్మశాస్త్రం కిందికి తోస్తున్నారా?"

లేదు. మన పల్లె సంగతే చెప్తాను. మనలో చాలా కుటుంబాలకు డి-పట్టా భూమి ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. మీ నాన్నగానీ తాతగానీ దానికి రూపాయి కట్టలేదు. అది చేతిలోకి వచ్చిన దానం. కానీ పట్టా తెచ్చి ట్రంకుపెట్టెలో పెట్టి, చేను వైపు కన్నెత్తి చూడనివాళ్ల సంగతి కూడా మీకు తెలుసు. మొదటి ఏడు గడ్డి మొలిచింది. మూడో ఏటికి సర్కారు తుమ్మ వచ్చింది. ఐదో ఏటికి పక్క చేనువాడు గట్టు జరిపాడు. పదో ఏట కొడుకు వచ్చి "మన చేను ఎక్కడ నాన్నా" అంటే, చూపించడానికి హద్దురాయి కూడా దొరకలేదు. పట్టా మాత్రం చెక్కుచెదరకుండా పెట్టెలో ఉంది. దాని మీద పేరు ఉంది, ముద్ర ఉంది. గింజ మాత్రం ఇంటికి రాలేదు.

దున్నినందుకు ఎవరికీ పట్టా రాలేదు. పట్టా చేతికొచ్చింది కాబట్టే దున్నాలి. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో 8, 9 వచనాలు మనకు కంఠతా వచ్చు. పదో వచనం దగ్గర పుస్తకం మూసేస్తాం. మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని క్రీస్తులో సృష్టించాడని, వాటిలో మనం నడవాలని ముందే సిద్ధపరచాడని చెప్పేది ఆ వచనమే. దాన్ని వదిలేసి పై రెండు వచనాలే చదివేవాడు కృపను గౌరవించడం లేదు, కృపను పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాడు.

మరి మనం స్వాధీనం చేసుకోని నేల ఏది? ముందు ఒక మాట స్పష్టంగా చెప్పనివ్వండి. కనాను యుద్ధాల గురించి చదివి, మన పోరాటం పక్కింటివాళ్ల మీద, వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ల మీద అనుకునేవాడు కొత్త నిబంధన చదవనట్టే. మన పోరాటం మనుషులతో కాదని పౌలు ఎఫెసీ 6వ అధ్యాయంలో తేల్చేశాడు. నేను చెప్పే నేల మన గడప లోపలే ఉంది.

సొంత అన్నదమ్ములు గట్టు తగాదాతో మాటలు మానేసి ఏళ్లు దాటాయి. ఇద్దరూ మన సభ్యులే. ఒకరు కుడివైపు చాప మీద, ఒకరు ఎడమవైపు చాప మీద కూర్చుంటారు. నెల మొదటి ఆదివారం ఇద్దరూ ఒకే రొట్టె తింటారు, ఒకే పాత్రలోది తాగుతారు. అర్పణం బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు మాట (మత్తయి 5:23, 24) వాళ్లకు తెలియదా? నేనే నాలుగుసార్లు ప్రసంగించాను.

కట్నం సంగతి చూడండి. 1961 నుంచి ఈ దేశంలో అది చట్టం దృష్టిలో నేరం. చట్టం సరే, మన సంగతి? పెళ్లి ఆరాధనలో వధువును ప్రభువు ఇచ్చిన బహుమానం అని ప్రార్థన చేయిస్తాం. అంతకుముందు వారమే ఆ బహుమానానికి ధర కట్టి, అడ్వాన్సు కూడా తీసుకుని ఉంటాం.

మనల్ని ఊరి బయట ఉంచినవాళ్ల మీద మనకు కోపం ఉంది. అది న్యాయమైన కోపమే. కానీ మన రెండు పల్లెల మధ్య ఉన్న గోడ ఎవరు కట్టారు? ఒకే ఊళ్లో, ఒకే ప్రభువు పేరున రెండు చర్చిలు, రెండు శ్మశానాలు. సంబంధం మాట వచ్చేసరికి మొదటి ప్రశ్న "అటు పల్లెనా, ఇటు పల్లెనా?" క్రీస్తు మధ్యగోడ పడగొట్టాడని పాడుకుంటాం. పాట అయ్యాక ఒక్కో ఇటుకా తిరిగి పేరుస్తాం.

ఎన్నికల ముందురాత్రి చేయి చాచి తీసుకున్న నోటు సంగతి చెప్పనా? వద్దు. మీకు తెలుసు. తీసుకున్నవాళ్లలో కొందరు అందులోంచి దశమభాగం కూడా వేశారు.

ఇవన్నీ ఇశ్రాయేలు ఎందుకు వదిలేసిందో, మనమూ అందుకే వదిలేశాం. యెహోషువ 17వ అధ్యాయంలో యోసేపు పుత్రులు వచ్చి, మేము చాలామందిమి, ఇచ్చిన భాగం చాలదన్నారు. అయితే ఆ అడవి నరుక్కోండి అన్నాడు యెహోషువ. వెంటనే ఇనుప రథాల భయం బయటపెట్టారు. వాళ్లకు ఇంకా భూమి కావాలి, గొడ్డలి మాత్రం పట్టరు. ఆశీర్వాద ప్రసంగాలకు చాప చాలనంతమంది వచ్చి, ఉపవాస ప్రార్థనకు ఆరుగురే మిగిలినప్పుడు నాకు ఈ అధ్యాయమే గుర్తొస్తుంది.

భయం కంటే పెద్ద కారణం న్యాయాధిపతుల గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలీయులు బలపడ్డాక కూడా కనానీయులను వెళ్లగొట్టలేదు. వాళ్ల చేత వెట్టిపని చేయించుకున్నారు. అంటే చేతకాక వదిలిన రోజులు అయిపోయాయి. ఇప్పుడు లాభం కోసం ఉంచుకున్నారు. కట్నం మనకు చేతకాక ఉండిపోయిందా, లాభం కాబట్టి ఉంచుకున్నామా? కులం? ఓటు నోటు? రాజీ పడినవాడు మొదట "ఏం చేస్తాం, శక్తి లేదు" అంటాడు. శక్తి వచ్చాక మాత్రం ఆ మాట ఎత్తడు.

ఈ రాజీకి బిల్లు ఎవరు కట్టారో తెలుసా? రాజీ పడినవాళ్లు కాదు. ఒక్క అధ్యాయం తిప్పండి. ఆ తరమంతా చనిపోయాక, యెహోవాను గానీ ఆయన చేసిన కార్యాలను గానీ ఎరుగని ఇంకో తరం లేచిందని న్యాయాధిపతులు 2:10లో ఉంది. తాతలు ఎర్ర సముద్రం చూశారు, తండ్రులు యొర్దాను దాటారు, పిల్లలకు కథ కూడా మిగలలేదు. మన పిల్లలు పట్నం వెళ్లి చర్చి మానేస్తున్నారని బాధపడుతున్నాం. సినిమాలను తిడుతున్నాం, ఫోనులను తిడుతున్నాం. వాళ్లు పట్నంలో విశ్వాసం పోగొట్టుకోలేదేమో. మన ఇంట్లో చూసింది తీసుకుని వెళ్లారేమో. గోడమీద ఏడు కార్డులు, గోడ అవతల మాట్లాడని చిన్నాన్న.

"మా వయసు అయిపోయింది అయ్యగారూ, ఇక మీరూ మీ యూత్ చూసుకోండి" అనే పెద్దలకు కాలేబును చూపిస్తాను. వేగుచూడటానికి వెళ్లినప్పుడు ఆయనకు 40 ఏళ్లు. భూమి పంచుకునేటప్పుడు 85. ఆ వయసులో ఆయన నీళ్లున్న మెత్తటి నేల అడగలేదు. అనాకీయులు ఉన్న కొండసీమ ఇమ్మన్నాడు. హెబ్రోను అలా ఆయనదైంది. మన సంఘంలో ఒక అమ్మమ్మ ఉంది. అరవై దాటాక, మనవరాలి ఒకటో తరగతి వాచకంతో అక్షరాలు దిద్దుకుంది. ఇప్పుడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ యోహాను సువార్త చదువుతుంది. ఒక అధ్యాయానికి వారం పడుతుంది. డిగ్రీ చదివి, ఫోనులో నాలుగు బైబిలు యాప్‌లు పెట్టుకుని, ఉదయం వచ్చిన వచనం బొమ్మను చదవకుండానే పదిమందికి పంపేవాళ్లు ఆమె పక్కన ఒక గంట కూర్చోండి.

పౌలు సంగతికి వస్తాను. ఫిలిప్పీ పత్రిక రాసేనాటికి ఆయన దమస్కు దారిలో ప్రభువును కలుసుకుని రెండు దశాబ్దాలు దాటింది. సంఘాలు స్థాపించాడు, దెబ్బలు తిన్నాడు, బంధకాల్లో ఉన్నాడు. ఇక చాలని ఎవరైనా అనగలిగితే ఆయనే అనాలి. ఆయనేమో తనకు ఇంకా దొరకలేదని, ఇంకా సంపూర్ణుడిని కాలేదని, వెనుక ఉన్నవి మరచి ముందున్నదాని కోసం పరుగు తీస్తున్నానని రాశాడు. వేదాంత పాఠశాలలో గ్రీకు నేర్చుకున్నప్పుడు ఒక సంగతి తెలిసింది. ఈ పరుగుకు ఆయన వాడిన క్రియ 'డియోకో'. ఆరో వచనంలో తాను సంఘాన్ని హింసించానని చెప్పినప్పుడూ అదే క్రియ. వెంటపడి తరమడం అని అర్థం. ఒకప్పుడు విశ్వాసులను పట్టుకోవడానికి ఊరూరా ఎలా వెంటపడ్డాడో, ఇప్పుడు క్రీస్తు వెంట అలా పడుతున్నాడు. మనమూ చూసుకుందాం. రక్షణకు ముందు తాగుడు కోసం, పేకాట కోసం, పగ కోసం మనకున్న పట్టుదలలో సగమైనా ఇప్పుడు ప్రభువు కోసం ఉందా?

పన్నెండో వచనంలో ఇంకో సంగతి ఉంది. క్రీస్తు తనను పట్టుకున్నాడు కాబట్టే తాను పట్టుకోవడానికి పరుగెడుతున్నానంటాడు పౌలు. పట్టా ముందు, నాగలి తర్వాత. కృప ముందు, పరుగు తర్వాత. కృప పొందినవాడికే ఆ పరుగుకు బలం వస్తుంది.

జనవరి 1 అనగానే మనకు వాగ్దానపు కార్డు గుర్తొస్తుంది. మన తెలుగు సంఘ చరిత్రలో ఇంకో జనవరి 1 ఉంది. అమెరికా బాప్తిస్టులు 1836లో తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టారు. పదిహేడేళ్లకు నెల్లూరులో లెక్కకు చెప్పుకోదగ్గ సంఘం లేదు. 1853లో అమెరికాలో పెద్దలు ఈ పని మూసేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు దగ్గర కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. లైమన్ జ్యూయెట్ దొర, దొరసాని, వాళ్లతో తెలుగు విశ్వాసులు నర్సు, జూలియా, రూతు. కింద కనిపిస్తున్న ఊళ్ల కోసం ప్రార్థించారు, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. కొండ దిగేసరికి ఏమీ మారలేదు. జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు!

ఆ తర్వాత పని నడిపించింది ఎవరనుకున్నారు? తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య వంటివాళ్లు. తోలు వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి. తాను విన్నది తన దగ్గరే ఉంచుకోకుండా చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచి చెప్పాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఒప్పుకుని వేలమందికి కూలి, కూడు దొరికేలా చూశాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. కొండ మీద ప్రార్థనకూ ఆ నదికీ మధ్య 24 ఏళ్లు.

వాళ్ల మనవళ్లమని, మునిమనవళ్లమని చెప్పుకుంటాం. "మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం" అంటాం. ఆ తరాలవాళ్లు నడిచి మనకు నేల సంపాదించారు. మనం వాళ్ల పేరు చెప్పుకుని అరుగు మీద కూర్చున్నాం. ప్రార్థించి ఇరవై నాలుగు రోజులైతే చాలు, "ఏమీ జరగలేదయ్యగారూ" అని ఇంకో సంఘం వెతుక్కుంటాం.

ఇంతవరకూ మిమ్మల్ని అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి, నాలాంటి సేవకులనూ అనాలి. మీకు ఈ నిద్ర నేర్పింది మేమే. కార్డు ఇచ్చాం, కాడి ఇవ్వలేదు. ఆశీర్వాదం చెబితే చాపలు నిండుతాయని, పశ్చాత్తాపం చెబితే కానుక పెట్టె తేలికవుతుందని భయపడ్డాం. పోయినేడు ఒక ఆదివారం ప్రసంగం ముగించి మెట్లు దిగుతుంటే, పదో తరగతి చదివే పిల్ల దగ్గరికొచ్చింది. "అయ్యగారూ, ఈ ఉదాహరణ నేను సండే స్కూలులో ఉన్నప్పుడు కూడా చెప్పారు" అంది. ఎగతాళికి అనలేదు, గుర్తుందని చెప్పింది. ఇంటికొచ్చి నోట్సు తీసి చూశాను. నిజమే. మూడేళ్లుగా పాత నోట్సు మీదే తేదీలు మార్చి నిలబడుతున్నాను. మీకు నేల చూపించాల్సినవాణ్ణి, నా చేనులోనే తుమ్మ మొలిచింది. అందుకే ఈ ఉత్తరం వేలెత్తి చూపడానికి రాయలేదు. నాగలి పట్టడానికి పక్కన ఇంకొకరు కావాలని రాస్తున్నాను.

షిలోహులో యెహోషువ తిట్టి ఊరుకోలేదు. గోత్రానికి ముగ్గురు చొప్పున ఏర్పాటు చేసుకోమన్నాడు. వాళ్లు లేచి దేశమంతా నడిచి, ఊళ్ల వారీగా ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకుని రావాలి. ముందు నడిచి చూడాలి, చూసింది రాయాలి, ఆ తర్వాతే పంపకం. మనమూ అదే చేద్దాం.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు గోడమీది కార్డు ఊడదీసి తెచ్చుకోండి. శనివారం రాత్రి ఇంట్లో అందరూ కూర్చోండి, పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. కార్డు వెనకవైపు ఖాళీగా ఉంటుంది. అక్కడ మీ ఇంట్లో ప్రభువుకు ఇంకా ఇవ్వని నేల ఒక్కటి రాయండి. పది వద్దు, ఒక్కటే. "తమ్ముడితో మాట్లాడాలి" అని రాయొచ్చు. "అబ్బాయి పెళ్లికి కట్నం అడగం" అని రాయొచ్చు. "రోజూ ఒక అధ్యాయం" అని రాయొచ్చు. నేనూ రాసుకుని తెస్తాను. ఎవరి కార్డూ ఎవరూ చదవరు. మిరప కోతల రోజులు, పొద్దున్నే పనికి పోవాలని తెలుసు. అందుకే బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు చర్చి తెరిచి ఉంచుతాను. ఆ కార్డు పట్టుకుని వచ్చి మోకరించండి. ఆరుగురొచ్చినా తెరిచే ఉంటుంది. కొండ ఎక్కింది అయిదుగురే.

గట్టు తగాదా ఉన్న ఆ అన్నదమ్ములు దీన్ని చదువుతున్నారని నాకు తెలుసు. మొదటి ఆదివారం ప్రభువు బల్లకు ఇంకా వ్యవధి ఉంది. మీలో ఎవరు ముందు గడప దాటితే వాళ్లతో నేనూ వస్తాను. అర్ధరాత్రి పిలిచినా వస్తాను.

ప్రార్థన: తండ్రీ, నీవు ఇచ్చావు, మేము తీసుకోలేదు. నీ కృపను కాగితంగా దాచుకున్నందుకు మమ్మల్ని క్షమించు. మా పిల్లలు నిన్ను ఎరగని తరం కాకమునుపే మమ్మల్ని లేపు. మమ్మల్ని పట్టుకున్న నీ చేతి బలంతోనే మేము పరుగెత్తేలా చేయి. ముందుగా నన్ను లేపు. యేసు నామమున అడుగుతున్నాము. ఆమేన్.

మీ సంఘ కాపరి